గూడబాతులు కాపురమున్న చెరువులు

పలనాటి చరిత్రలో పక్షి యనగానే మనకు మొదట స్ఫురించునది కోడిపుంజు. నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయనికిని జరిగిన కోడిపోరు, ఆ పందెము వెంట వచ్చిన వనవాసము, చివరకు కారంపూడి రణభూమి - ఈ కథను పలనాటిలో వినని యిల్లు లేదు. పన్నెండవ శతాబ్దమునాటి ఆ యుద్ధమును స్మరించుచు నేటికిని ఏటేట కార్తీక అమావాస్యనాడు కారంపూడిలో వీరుల ఉత్సవములు మొదలగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినములు జరుగు ఆ తిరునాళ్లలో ఒక దినము కోడికే చెందినది.

సరిగా ఆ ఋతువులోనే, గుంటూరు నగరమునకు చేరువనున్న ఉప్పలపాడు గ్రామమున వేరొక పక్షిసమూహము కాపురము పెట్టుచుండును. ఆ పక్షులు పందెములకు రావు. ఊరి చెరువులోని మిట్టలపై గూళ్లు కట్టుకొని, గ్రుడ్లు పెట్టి, పిల్లలను సాకుకొని, రెక్కలు వచ్చిన పిమ్మట లేచిపోవును. 2022లో పల్నాడు ప్రత్యేక జిల్లా యగువరకు కారంపూడియు ఉప్పలపాడును ఒకే గుంటూరు జిల్లాలోనివి. ఆ జిల్లాకు పడమట పక్షిని పందెమొడ్డిన చరిత్ర యున్నది. తూర్పున పక్షిని కాపాడిన చరిత్ర యున్నది. మొదటిదానిని వీరగాథగా పాడుకొన్నాము. రెండవదానిని చెప్పుకొనువారు తక్కువ. నేటి మా ప్రసంగమునకు అదియే విషయము. నీటిపక్షులు ఒక ఊరిని ఎట్లు ఎన్నుకొనును? ఎన్నాళ్లు నిలుచును? వాటిని నిలుపుచున్నది ప్రభుత్వ శాసనమా, ఊరి కట్టుబాటా, చెరువులోని నీరా?

పలనాటి నీటి సంగతితో ప్రారంభింతము. పలనాడు రాతినేల, నాపరాయి పొరలుపొరలుగా పరచుకొన్న సీమ. కారంపూడి ప్రక్కన పారు నాగులేరు వానలకు పొంగి, ఎండలకు సన్నగిల్లును. ఉత్సవములలో వీరుల ఆయుధములకు స్నానము చేయించునది ఆ యేటి గంగధారి మడుగులోనే. శ్రీనాథుని పేర చెల్లుచున్న చాటువులలో పలనాటి రాళ్లను, నీటికొరతను, జొన్నకూటిని ఎత్తిపొడిచినవి కలవు. అవి ఆ మహాకవి చెప్పినవో, లోకము ఆయనపై మోపినవో కాని, అందలి దాహము మాత్రము ఈ సీమవారు ఎరిగినదే. ఇట్టి నేలపై చిత్తడిభూమి యనునది ప్రకృతి ఊరక యిచ్చినది కాదు. కట్ట పోసి, తూము పెట్టి, పూడిక తీసిననే చెరువు. మనుష్యుడు నీటిని నిలిపిన చోటికే పక్షియు వచ్చినది.

ఈ సత్యమునకు పెద్ద సాక్షి నాగార్జునసాగరము. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట వెనుక, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ మునిగిపోయినది. 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరికిన శిల్పములను, కట్టడములలో కొన్నింటిని కొండమీదికి చేర్చిరి, కొండ ద్వీపమైనది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువకు జవహర్ కాలువ యని పేరు. ఆ కాలువ పారుటతో, జొన్నయు వరిగయు పండిన పలనాటి చేలలో వరిమడులు వెలసినవి. వరిమడి యున్న చోట నత్త యుండును, కప్ప యుండును, చిరుచేప యుండును; వాటి వెంట కొంగ యుండును. సుమారు 285 చదరపు కిలోమీటర్ల ఆ జలాశయపు టంచులలో మొసళ్లు, నీటిపక్షులు నివసించుచున్నవి. చుట్టునున్న అడవిని 1978లో అభయారణ్యముగా ప్రకటించి, 1983లో పులుల సంరక్షణ క్షేత్రముగా చేసిరి. పులిని కాచుటకు అడవి కావలెను. కొంగను కాచుటకు మాత్రము ఊరు చాలును. ఆ ఊరిని చూడవలెనన్న కారంపూడి నుండి నరసరావుపేట మీదుగా గుంటూరు చేరి, ఉప్పలపాటికి పోవలెను.

మేము ఉప్పలపాడు వెళ్లినపుడు మొదట కనబడినది పక్షి కాదు, వినబడినది. దూరమునుండియే వందలకొలది ముక్కులు టకటకమని కొట్టుకొను చప్పుడు, పిల్లల అరపులు, రెక్కల సవ్వడి ఒకటై వచ్చును. వెంబడి వాసనయు వచ్చును. పక్షుల రెట్టతో, చేపల నీచుతో కలిసిన ఘాటైన వాసన యది. చూడవచ్చినవారు ముక్కు మూసికొని గడియసేపటికి వెళ్లిపోవుదురు. ఆ ఊరివారు మాత్రము దానితోనే అన్నము వండుకొని తినుచున్నారు. పక్షులయెడ వారికి గల ఓర్పును కొలుచుటకు ఇంతకు మించిన త్రాసు లేదని మాకు తోచినది.

గట్టుపై నిలిచి చూచినచో చెరువు మధ్య మిట్టలు, వాటిపై సర్కారు తుమ్మచెట్లు, ఒక్కొక చెట్టున పదుల కొలది గూళ్లు. అన్నిటికంటె పెద్దది గూడబాతు. గూడ యనగా పల్లపు నీటిని పొలమునకు ఎత్తిపోయు బుట్ట యని రైతులెల్లరు ఎరుగుదురు. ఆ పక్షి క్రింది ముక్కునకు వ్రేలాడు సంచిని చూచినవారికి ఆ పేరు తగినదే యని తోచక మానదు. బూడిద కలిసిన తెలుపు రంగు, పైముక్కు అంచున వరుసగా చుక్కలు, నాలుగైదు కిలోల బరువు. ఆ సంచి చేపలను మోసికొని వచ్చుటకు గాదు, పట్టుటకు. పట్టిన చేపను మ్రింగియే ఎగురును. గూటికి వచ్చిన పిమ్మట పిల్ల తన తలను తల్లి గొంతులోనికి దూర్చి ఆహారము అందుకొనును. ఒక్కొక గూటిలో మూడు నాలుగు గ్రుడ్లు. పొదుగుటకు నెల దినములు. పిల్ల తానుగా ఎగురుటకు మరి నాలుగైదు మాసములు. అన్ని మాసములు చెరువు ఎండరాదు, చెట్టు పడరాదు, మనుష్యుడు బెదరింపరాదు. ఒక కుటుంబము నిలువవలెనన్న ఇన్ని కుదురవలెను.

గూడబాతునకు పొరుగున ఎర్రకాళ్ల కొంగ కాపురముండును. పసుపుపచ్చని ముక్కు, రెక్కలపై నలుపు తెలుపుల అద్దకము, తోకకడ గులాబివన్నె ఈకలు. ఇది ముక్కును సగము తెరచి నీటిలో ముంచి అటునిటు త్రిప్పుచు నడచును. చేప తగిలినంతనే ముక్కు మూతపడును. మధ్యాహ్నపు టెండలో రెక్కలు విప్పి, పిల్లలకు గొడుగువలె నిలుచును. నత్తగుల్ల కొంగ ముక్కులో నడుమ సందు కనబడును. నత్తలే దాని ముఖ్యాహారము గనుక వరిరైతునకు అది మిత్రమే. తెల్ల కంకణములు, నీటికాకులు, చీకటిపడువేళ వేటకు బయలుదేరు చింతవక్కలు కూడ ఆ మిట్టలపై చోటు పంచుకొనును. ఎవరి అంతస్తు వారిదే. ఎవరి వేటవేళ వారిదే.

ఇచ్చట ఒక విషయము స్పష్టము చేయవలసియున్నది. ఈ పక్షులన్నియు సైబీరియానుండి, ఆస్ట్రేలియానుండి వచ్చునని పలువురు అనుకొందురు. అది సరి కాదు. గూడబాతును, ఎర్రకాళ్ల కొంగయును మన దేశపు పక్షులే. అవి నీరును, చేపయును ఉన్న చోటును వెదకికొనుచు ప్రాంతమునుండి ప్రాంతమునకు తరలును. ఉత్తరపు చలిదేశముల నుండి శీతకాలమున వచ్చునవి సూదితోక బాతు మున్నగు బాతుజాతులు. అవి ఇచ్చట ఆహారము తిని, వేసవి రాకముందే వెడలిపోవును గాని గూళ్లు కట్టవు. ఈ భేదము పండితులకు మాత్రమే అక్కరకు వచ్చునది కాదు. విదేశపు అతిథియైనచో మన చెరువు ఎండినను తనదేశమునకు పోవునని ఊరకుందుము. ఇవి మన యింటివి. మన చెరువులన్నియు పోయినచో వాటికి వేరు పుట్టిల్లు లేదు.

వాటి పుట్టిల్లు ఎన్నిమార్లు చెదరినదో చరిత్ర చెప్పుచున్నది. పందొమ్మిదవ శతాబ్దమున నెల్లూరులో వైద్యాధికారిగా నుండిన జెర్డన్ దొర పక్షిశాస్త్రమున గొప్ప పండితుడు. పక్షుల తెలుగు పేర్లను సైతము సేకరించి తన గ్రంథములో చేర్చినవాడు. 1862 - 64 సంవత్సరములలో వెలువడిన ఆ గ్రంథమున, కర్ణాటక సీమలోని ఒక ఊరి నడుమ పొట్టిచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుటను తాను చూచితిననియు, అవి తరతరములుగా అచ్చటనే యున్నవని గ్రామస్థులు చెప్పిరనియు, మనుష్యుల సందడిని అవి లెక్కచేయలేదనియు వ్రాసియుంచెను. అనగా ఊరికిని ఈ పక్షికిని గల పొత్తు ఆనాటికే పాతది.

పిమ్మట కడప జిల్లా బుచ్చుపల్లె యొద్ద ఇట్టి స్థావరమొకటి యున్నట్లు ఇరువదవ శతాబ్దారంభమున తెలియవచ్చినది. రీనియస్ అను నతడు 1906లో దానిని దర్శించి వ్రాసెను. కొన్ని ఏండ్లలోనే ఆ స్థావరము లేకుండ పోయినది. తరువాత నలువది సంవత్సరములు దక్షిణ దేశమున గూడబాతులు ఎచ్చట పిల్లలను పెంచుచున్నవో పక్షిశాస్త్రజ్ఞులకు అంతుపట్టలేదు. 1946లో కేరళ దేశీయుడైన కె. కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేటి ప్రాంతపు ఆరేడు గ్రామమున వాటిని కనుగొనెను. శాస్త్రలోకమునకు అది గొప్ప వార్త. ఆరేడు గ్రామస్థులకు మాత్రము వార్త కాదు. వారి చెట్లపై ఏమున్నదో వారికి ముందే తెలియును! అయినను ఆ వైభవము నిలువలేదు. 1970 దశకము ముగియకముందే కొల్లేటి గూళ్లు శూన్యమైనవి. ఒక పక్షి వేలకొలదిగా నున్నది గదా యని నమ్మి నిశ్చింతగా నుండరాదని బుచ్చుపల్లెయు, ఆరేడును మనకు నేర్పిన పాఠము.

మరి కొన్ని ఊళ్లలో ఈ పొత్తు ఎట్లు నిలిచినది? మన పొరుగున చెంగల్పట్టు సీమలోని వేడంతంగల్ చెరువు కథ వినదగినది. తెల్లదొరల సైనికులు అచ్చటి పక్షులను కాల్చుచుండగా గ్రామస్థులు కలెక్టరుతో మొరపెట్టుకొనిరి. 1798లో లయొనెల్ ప్లేసు అను కలెక్టరు, ఆ చెరువున పక్షులను ఎవ్వరును కాల్చరాదని వారికి కౌలుపత్రము వ్రాసియిచ్చెను. 1858లో దానిని మరల స్థిరపరచిరి. ఆ రైతులు పక్షులను కోరినది కేవలము దయచేతనే కాదు. రెట్ట కలిసిన చెరువు నీరు పారిన పొలము ఎరువు వేయకయే బాగుగ పండునని వారు కనిపెట్టియుండిరి. పక్షికి చోటు, పొలమునకు సత్తువ - ఇది ఉభయతారకమైన ఒడంబడిక. చూడుడు: ఊరు అడిగినది, ప్రభుత్వము వ్రాసినది. ఆ వరుస తలక్రిందులు కాలేదు గనుకనే ఆ పత్రము కాలమునకు నిలిచినది.

తెలుగునాటను ఇట్టి ఊళ్లకు కొదువ లేదు. హిందూపురము ప్రాంతమున వీరాపురములో ఎర్రకాళ్ల కొంగలు ఇండ్ల నడుమనున్న చింతచెట్లపైననే గూళ్లు కట్టును. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున గూడబాతులును, కొంగలును ఏటేట వచ్చును. అవి వచ్చిన ఏడు వానలు కురియుననియు, పంట పండుననియు నమ్మకము. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా వాటిని భావించు గ్రామస్థులు గూళ్లున్న చెట్టును నరుకరు, పక్షిపై రాయి విసరనీయరు. తమిళదేశమున కొల్లుకుడిపట్టి గ్రామస్థులు పక్షులు బెదరునని దీపావళికి టపాకాయలు కాల్చుట మానుకొనిరి. పండుగనాడు పిల్లలచేత ఆ సరదా మాన్పించుట ఎంత కష్టమో గృహస్థులెల్లరు ఎరుగుదురు. ఏ శాసనమును ఆ పని చేయజాలదు. ఊరి మాట చేసినది.

అట్లని శాసనము అక్కరలేదని మేము చెప్పుట లేదు. 1971లో ఇరాను దేశపు రామ్‌సర్ పట్టణమున చిత్తడినేలల రక్షణకు అంతర్జాతీయపు టొడంబడిక కుదిరినది. 1972లో మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1976లో సూళ్లూరుపేట ప్రాంతపు నేలపట్టు చెరువును పక్షుల అభయస్థానముగా ప్రకటించిరి. నీటిలో నిలిచి బ్రతుకు చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టు చోటది. కొల్లేటి సంగతి ఇంత సులువుగా జరుగలేదు. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏర్ల నీరు చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవు ఆ మహాసరస్సు గట్లు కట్టిన చేపలచెరువులతో నిండిపోయినది. 1999లో ఐదవ కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చిరి. 2006లో చేపలచెరువుల గట్లను యంత్రములతో కొట్టివేసిరి. సరస్సు ఊపిరి పీల్చుకొన్నది. కాని ఆ చెరువులే జీవనాధారమైన కుటుంబముల గుండెలో గాయము మిగిలినది. ఆ గీత ఎచ్చట గీయవలెనను వివాదము పిమ్మటను సమసిపోలేదు. వేడంతంగల్లులో ఊరు గీత గీయుమని కోరినది. కొల్లేటిలో ఊరి నడుమ గీత వచ్చి పడినది. రెండును పక్షి కొరకే. ఫలితములు మాత్రము ఒకటి కావు. అయినను ఒక మంచి మాట చెప్పవలెను. కైకలూరు సమీపమున ఆటపాకలో కట్టిన ఇనుప మంచెలపై గూడబాతులు మరల వేలకొలదిగా పిల్లలను పెంచుచున్నవి. చెదరిన కాపురము తిరిగి కుదురుకొనవచ్చునని దానివలన తెలియుచున్నది.

ఇక అసలు చిక్కు ఏమన, ఊరి కట్టుబాటు ఊరి అవసరముపై నిలిచినది. చెరువు త్రాగునీరైనంత కాలము దాని గట్టును, పూడికను ఊరు చూచుకొన్నది. పొలమునకు రెట్ట ఎరువైనంత కాలము పక్షిని ప్రేమించినది. గొట్టములలో నీరు ఇంటికి వచ్చిన పిమ్మట, సంచులలో ఎరువు అంగడికి వచ్చిన పిమ్మట, ఊరికి చెరువుతో పని తగ్గును. పని తగ్గిన చెరువుపై మమత ఎన్నాళ్లుండును? చెరువులు చెత్తదిబ్బలుగా, ఇండ్లస్థలములుగా మారుటను మనము చూచుచునే యున్నాము. మరియొక చిక్కు కలదు. పక్షులకు ఊరి చెరువు పడకయిల్లు మాత్రమే, వంటయిల్లు వేరు. ఆహారమునకై అవి కాలువలు, వరిమడులు, మడుగులు వెదకికొనుచు చాల దూరము పోవును. మిట్టకు చుట్టును నీరున్నందువలన కుక్కయు, పిల్లియు గూళ్ల దరిజేరవు. చెరువు ఎండెనా, ఆ కోట పడినట్లే. ఇవి చాలక, ఏండ్లతరబడి రెట్ట పడి చెట్లే ఎండిపోవును. అందుచేతనే ఉప్పలపాటిలోను చెట్లకు మారుగా మంచెలు నిలుపవలసివచ్చినది. కావున "ఇచ్చట పక్షులను కాల్చరాదు" అని పలక నాటినంత మాత్రమున రక్షణ పూర్తికాదు. వేసవిలో చెరువునకు నీరు పెట్టువారెవరు, మిట్టను సరిచేయువారెవరు, గూడబాతు తిన్న చేపకు పెంపకపు రైతు పడిన నష్టమును గూర్చి ఆలోచించువారెవరు - ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలసినది ప్రభుత్వము. రాయి విసరు చేతిని పట్టుకొనవలసినది ఊరు. ఒకరి పని ఒకరు చేయలేరు.

పలనాటి శ్రోతలకు ఒక మాట. కాలువ నీరు వచ్చిన తరువాత మీ సీమయు నీటిపక్షి తిరుగాడు సీమయే యైనది. మీ ఊరి చెరువు ఏ సంవత్సరమున పూడిక తీసినారో, దాని గట్టున చెట్లెన్ని మిగిలినవో, కొంగలు ఏ మాసమున దిగినవో ఒకసారి విచారించుడు. పెద్దవారిని అడిగినచో వారు చూచిన పక్షుల పేర్లు చెప్పుదురు. ఆ పేర్లను పిల్లలచేత వ్రాయించుడు. జెర్డన్ దొర చేసినదియు అదియే గదా.

ఉప్పలపాడు చూడదలచినవారు శీతకాలమున, తెల్లవారుజామున గాని, ప్రొద్దు వాలిన పిమ్మట గాని వెళ్లుడు. పక్షులు వేటకు బయలుదేరుటయు, గూటికి మరలుటయు ఆ వేళలలో కనబడును. ముదురు రంగు గల సాదా దుస్తులు మేలు. చప్పట్లు కొట్టి పక్షులను ఎగురగొట్టకుడు. తల్లి ఒక్క నిమిషము లేచినను గూటిలోని గ్రుడ్డును కాకి తన్నుకొని పోవును, చిన్నపిల్లకు ఎండదెబ్బ తగులును. తిండిపదార్థములు విసరకుడు, కాగితములు, సంచులు గట్టుపై వదలకుడు. పిల్లలను తప్పక తీసికొని పొండు. తిరిగి వచ్చునపుడు ఆ ఊరివారిని పలుకరించి, వాసన భరించి, చెట్లు మిగిల్చి, రాయి విసరనందుకు వారికి ఒక మంచిమాట చెప్పుడు. ఏ ఉత్సవమును లేకుండ, ఏ గాథయు పాడించుకొనకుండ వారు చేయుచున్న కాపుదలకు ఆ మాట చెల్లుబాటగును.